గోడ వెనక నీళ్ళు

మిన్నెసోటాలో లేక్ ఒడ్డున ఇల్లు అంటే ఇండియాలో మా వాళ్ళకి ఘనంగా వినబడుతుంది. అసలు సంగతేమిటంటే ఇల్లు గట్టు మీద, నీళ్ళు పన్నెండడుగుల కింద. మధ్యలో పాత రైల్వే స్లీపర్లు పేర్చి కట్టిన గోడ, వాటితోనే మెట్లు. ఇల్లు కొన్న ఏడాదే బోటు కొన్నాను. ఆ తర్వాత డాక్ మార్పించాను. మెట్లు మాత్రం "వచ్చే సమ్మర్లో చూద్దాం" అంటూ తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను.

2023 జూన్‌లో నాన్న వచ్చారు. కృష్ణా కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. నాలుగు మెట్లు దిగారు. అయిదోది కాలికింద కదిలింది. అంతే, వెనక్కి తిరిగారు. ఆ రెండు నెలలూ ఆయన పైన కుర్చీలో కూర్చుని చెరువు చూశారు, నేను కింద బోటులోంచి చెయ్యి ఊపాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

గోడ మధ్యలో ఉబ్బి ముందుకి ఒరిగింది. పాతబడి పుచ్చింది కాబోలు, నాలుగు గుంజలు పాతి ఆపేద్దామని నా ప్లాను. నాన్న ఒకటే అడిగారు. "వీప్ హోల్సు ఏవిరా?"

లేవు. కప్పు మీద పడ్డ వానంతా గోడ వెనకే చేరుతోంది. "నీళ్ళకి దారి ఇవ్వకపోతే అవే దారి చేసుకుంటాయి" అన్నారు. పైగా ఇక్కడి చలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ప్రతి వింటరూ గోడని ఓ తోపు తోసి పోయేదన్నమాట.

2024లో పని మొదలుపెట్టించాను. లేక్ ఒడ్డు కదా, పర్మిట్లు లేనిదే పార పెట్టకూడదు. మెట్లు 4 అడుగుల వెడల్పు దాటకూడదు. క్రియోసోట్ పట్టించిన స్లీపర్లని తగలబెట్టకూడదు, లారీకెత్తి డంపుకి పంపాలి. కొత్త గోడకి కాంక్రీటు దిమ్మలు, ఒక్కో వరస కాస్త వెనక్కి జరిపి. వాటి వెనక అడుగు మందాన కంకర, కింద చిల్లుల పైపు. ఎస్టిమేటు చూసి గుండె ఆగినంత పనైంది. కంకర తగ్గిస్తే ఎంత మిగులుతుందా అని లెక్కలేస్తూ నాన్నకి ఫోన్ చేశాను.

"బోటు బేరమాడి కొన్నావా?"

"లేదు."

"మరి దీనికెందుకురా?"

కంకర తగ్గించలేదు. మెట్టు ఎత్తు 7¾ అంగుళాల దాకా ఉండొచ్చు అన్నారు, నేను 6 చాలన్నాను. మెట్లు పెరిగాయి, ఆయన మోకాళ్ళకి పని తగ్గింది. ఒక పక్క రెయిలింగు పెట్టించాను.

2025 మే నెలలో మళ్ళీ వచ్చారు. రెయిలింగు పట్టుకుని, మధ్యలో ఒకసారి ఆగి, కిందికి దిగారు. లేక్ వైపు చూడనేలేదు. తిన్నగా గోడ చివరికెళ్ళి, వంగి, పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టారు. రాత్రి వాన నీళ్ళు సన్నగా కారుతున్నాయి.

"వస్తున్నాయి" అన్నారు. ఆ తర్వాతే డాక్ మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టారు.

మీలో ఎవరైనా లేక్ ఒడ్డున ఇల్లు చూస్తుంటే, ముందు గోడ వెనక నీళ్ళెటు పోతున్నాయో కనుక్కోండి. బోటు తర్వాత కొనుక్కోవచ్చు.