వర్తూరు నీళ్ళూ, గడ్డం మంటా

వర్తూరు పేరు దేశమంతటా తెలిసినది నురుగు మూలాన. 2015లో మా చెరువు కోడి దగ్గర తెల్లటి నురుగు గుట్టలుగా లేచి, గాలికి తునకలై రోడ్డు మీదికి ఎగిరి, స్కూటర్ల మీద పోయేవారి ముఖాలకు అంటుకున్నది. ఆ సంవత్సరం మే నెలలోనే ఎగువనున్న బెళ్ళందూరు చెరువులో నురుగు అంటుకొని మండింది కూడాను. పత్రికలవాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకొని పోయారు. ఇంత నురుగున్న ఊళ్ళో కాపురముంటూ, పొద్దున్నే గడ్డానికి పట్టించుకునేందుకు గుప్పెడు నురుగు పుట్టక అవస్థపడేవారిమంటే వినేవారు నవ్వుతారు. కాని అది నిజం. మా వీధిలో సగంమంది మగవాళ్ళ గొంతుల మీది ఎర్రటి పొక్కులకు మూలం అక్కడే ఉన్నది.

చెరువులో నురుగు బట్టలుతికే పొడులది. నగరపు మురుగు బెళ్ళందూరులోకీ, అక్కణ్ణించి వర్తూరులోకీ వచ్చి, కోడి మీదినుంచి దూకేటప్పుడు కవ్వంతో చిలికినట్టయి పొంగేది. ఆ పొడుల్లో ఉండేది సబ్బు కాదు, మరో జాతి పదార్థం. నీళ్ళు ఎంత చవుడువైనా దానికి పట్టింపు లేదు. అసలు సబ్బు సంగతి అలా కాదు. బోరు నీళ్ళలోని సున్నపు లవణాలు తగలగానే విరిగిన పాలలాగా తెట్టె కడుతుంది. కావేరి నీళ్ళు అందని ఇళ్ళలో మాకు దిక్కు బోరు, లేకపోతే ట్యాంకరు. 2024 వేసవిలో ఆ బోర్లు కూడా ఎండి ట్యాంకర్ల కోసం కాచుకున్నాము. ఈ నీళ్ళు కాచిన గిన్నె అడుగున నాలుగు రోజులకే తెల్లటి పొర పేరుకుంటుంది. అదే నీళ్ళతో బ్రష్షు తడిపి సబ్బు మీద ఎంతసేపు తిప్పినా, పెద్ద పెద్ద బుడగలు వచ్చి ముఖం మీదికి చేరేలోపలే పేలిపోతాయి. ఆ పేలిన బుడగల మీద కత్తి పెడితే మంట పుట్టక ఏమవుతుంది?

కనుక అన్నిటికన్నా ముందు చెప్పవలసినది నీళ్ళ మాట. గడ్డానికి కావలసినవి ఒక చిన్న చెంబెడు. తాగటానికి వడగట్టిన నీళ్ళు ఆ మాత్రం తీసి పెట్టుకోవచ్చు. లేదా బోరు నీళ్ళనే బాగా మరగకాచి, చల్లార్చి, పైన తేరినవి వంచుకుంటే చవుడు కొంత అడుగున దిగిపోతుంది. వానాకాలంలో మా మేడ మీద పట్టిన వాన నీళ్ళతో వచ్చే నురుగును చూస్తే మాత్రం కడుపు నిండినట్టుంటుంది. అది గట్టి పెరుగు మీది మీగడలాగా ముఖాన నిలబడుతుంది. అందులో బుడగ అన్నది కంటికి కనపడకూడదు.

ఒంటి సబ్బుతోనే గడ్డం కూడా కానిచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు. మైసూరు శాండల్ సబ్బు మన బెంగుళూరు సరుకు. 1916లో మైసూరు ప్రభుత్వం వారు పెట్టిన ఫ్యాక్టరీది. దాని వాసనకు వంక పెట్టేవాణ్ణి మేము ఇంతవరకు చూడలేదు. కాని ఒంటికి రుద్దుకునే సబ్బు తీరు వేరు, గడ్డానికి పట్టించే సబ్బు తీరు వేరు. మొదటిదానిలో సోడా క్షారము, రెండవదానిలో ఎక్కువగా పొటాషు క్షారమూ, స్టియరిక్ ఆమ్లమూ వాడతారు. అందుచేతనే దాని నురుగు దట్టంగా, జిగిగా వచ్చి, త్వరగా ఆరిపోకుండా ఉంటుంది. శాండల్ సబ్బు ఆ తరువాతి స్నానానికి ఉండనే ఉన్నది.

అసలీ మంట ఏమిటి? బ్లేడు వెంట్రుకను మాత్రమే కొయ్యదు. చర్మం పైనున్న పలుచని పొరను కూడా కొంత గీరుకొని పోతుంది. పొడిగా ఉన్న వెంట్రుక మొండికెత్తుతుంది. దానిని కొయ్యటానికి నొక్కుతాము, నొక్కినకొద్దీ పొర లేస్తుంది. వెంట్రుక రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో నానితే నీటిని పీల్చుకొని మెత్తబడి, తేలికగా తెగుతుంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ముందు తల నిండా నీళ్ళు పోసి తడిపిన తరువాతగాని కత్తి ఆనించరు.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక చిక్కున్నది. స్నానం చేసి గడ్డం గీసుకోమని దొరల పుస్తకాలు చెబుతాయి. క్షౌరం చేయించుకొన్నవాడు స్నానం చెయ్యందే వంటింటి గడప తొక్కరాదని మన పెద్దల మాట. మేము పెద్దల పక్షమే. వేన్నీళ్ళలో పిండిన తువ్వాలు ముఖాన కప్పుకొని రెండు నిమిషాలు కూర్చుంటే అటు శాస్త్రమూ ఇటు చర్మమూ రెండూ దక్కుతాయి. తరువాత ఆ తడి తుడవకుండానే బ్రష్షుతో గుండ్రంగా తిప్పుతూ పట్టించాలి. చేత్తో పులిమిన నురుగు వెంట్రుకల పైనే ఆగుతుంది. బ్రష్షు తిప్పితే పడుకున్న వెంట్రుక లేచి, దాని మొదలు దాకా తడి దిగుతుంది.

సేఫ్టీ రేజరు చరిత్ర అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా ముగిస్తాము. పారవేయదగిన పలుచని బ్లేడు ఆలోచన అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయనది, అంత పలుచని ఉక్కుకు పదును పెట్టే ఉపాయం విలియం నికర్సన్ అనే ఇంజనీరుది. 1903లో, అమ్మకం పెట్టిన మొదటి ఏడు, 51 రేజర్లు, 168 బ్లేడ్లు పోయాయట. 1904 నవంబరు 15న పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయిలకు వీటిని పంచిపెట్టిన తరువాత ఇక ఎదురు లేకపోయింది. మన దేశంలో అశోక్, పనామా, టోపాజ్ బ్లేడ్ల కాగితాలు ఎరగని ఇల్లు లేదు. గీసుకోగా మొద్దుబారిన బ్లేడును గాజు గ్లాసు లోపలి అంచున రుద్ది మరి నాలుగు రోజులు నడిపిన తరం మాది. తరువాత అది ఆడవాళ్ళ కుట్లు విప్పటానికీ, పిల్లల పెన్సిళ్ళు చెక్కటానికీ పనికివచ్చేది.

రెండు బ్లేళ్ళు, మూడు బ్లేళ్ళు, అయిదు బ్లేళ్ళు ఉన్న ప్లాస్టిక్ తలకాయలకు అలవాటుపడ్డవారు ఈ లోహపు రేజరు చేతికి తీసుకోగానే పాత అలవాటున నొక్కుతారు. మంటలో ముప్పాతిక పాలు ఈ నొక్కుడే. రేజరుకు తన బరువు తనకున్నది, అది చాలును. మా కోడి దగ్గర సెలూను నడిపే పెద్దాయన ఒకరు పనిచేస్తూ చేస్తూ, “చెయ్యి బరువు కత్తి మింద పడగూడదు సామీ. కత్తి బరువు చెయ్యి మొయ్యాల” అన్నారు. దీనికన్నా బాగా చెప్పటం మా వల్ల కాదు. పిడి కొసన రెండు వేళ్ళతో పట్టుకొని, రేజరు తలను చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ పోతే ఒకచోట బ్లేడు అంచు వెంట్రుకను అందుకుంటుంది. అది చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలు. ఆ వాలు చెడకుండా అంగుళం, అంగుళంన్నర చొప్పున చిన్న చిన్న గీతలు గీయాలి. చెవి దగ్గర మొదలుపెట్టి దవడ దాకా ఒకే గీతలో దిగేది సినిమాల్లో.

ఇక వెంట్రుకల వాలు. బుగ్గల మీద దాదాపు అందరికీ కిందికే ఉంటుంది. గొంతు మీద మాత్రం ఎవరి పంట వారిది. ఒకరికి పైకి, ఒకరికి పక్కకు, ఒకరికి సుడి తిరిగి. రెండు రోజులు గీసుకోకుండా ఉంచి వేలితో రాసి చూస్తే, నున్నగా పోయినవైపు వాలు, గరుకు తగిలినవైపు ఎదురు. మొదటిసారి వాలువెంటనే పోవాలి. ఇంకా నున్నగా కావాలనుకుంటే మళ్ళీ నురుగు పట్టించి అడ్డంగా పోవాలి. గొంతు మీద ఎదురు గీత అసలు వద్దనే మేము అంటాము. పెళ్ళిచూపులకు పోయేవాడికైనా సరే.

ఇంత పట్టుపట్టి ఈ వాలు సంగతి వ్రాయటానికి కారణమున్నది. 2019లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా పోయింది. జీవితంలో ఒక్కరోజు మాసిన గడ్డంతో వీధి అరుగు మీద కూర్చోని మనిషి. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇచ్చారు గనుక, తెగితే నెత్తురు త్వరగా నిలవదనీ, కరెంటు మిషనుతోనే కానివ్వమనీ డాక్టరుగారు చెప్పారు. ఆ మాత్రలు వాడే ఎవరికైనా అదే మంచిది. నాన్నగారు వారం రోజులు ఓర్చుకున్నారు. తరువాత మిషను మోగగానే ఎడమచేత్తో దానిని పక్కకు తోసి, అలమారలో తన పాత రేజరు ఉన్నవైపు చూడటం మొదలుపెట్టారు. అరుగు మీదికి రావటం మానేశారు. మళ్ళీ డాక్టరుగారినే అడిగితే, ఆయన కొంతసేపు ఆలోచించి, రోజు మార్చి రోజు, తొందర లేకుండా, పైపైన కానివ్వమన్నారు.

ఇంకొకరి ముఖం మీద కత్తి నడిపితేనేగాని ముఖం అంటే ఏమిటో తెలియదు. ముసలితనపు చర్మం పలుచన, వదులు. రెండు వేళ్ళతో చెవి వైపుకు మెల్లగా లాగి పట్టుకోకపోతే బ్లేడు ముందు ముడతపడుతుంది. ఆయన గొంతు మీద ఎడమవైపు వాలు కిందికి, కుడివైపు చెవి మీదికి. గొంతుముడి దగ్గర వేలెడు చోటులో సుడి. ఆ పటం మాకు ఇప్పటికీ కంఠస్థం. ఒక్క వాలుగీతతో సరి. రెండోసారి లేదు. కొత్త బ్లేడు మొదటి రోజు మరీ చురుకుగా ఉంటుందని, దానితో మేము ఒకసారి గీసుకున్న తరువాత బాగా మరిగిన నీళ్ళలో వేసి వాడుదామా అన్న మాట వచ్చింది. డాక్టరుగారు వద్దన్నారు. ఒకరి బ్లేడు ఇంకొకరికి పనికిరాదు, ఇంట్లో అయినా. కామెర్ల వంటి జబ్బులు నెత్తురు చుక్క కంటికి కనపడకుండానే అంటుకుంటాయి. పని అయిన తరువాత ఆయన ఎడమ అరచేత్తో తన ముఖమంతా తడుముకొని చూసుకొనేవారు. ఎక్కడైనా గరుకు మిగిలితే అక్కడ వేలు పెట్టి మా వైపు చూసేవారు. ఏమీ మిగలకపోతే అరుగు వైపు చూసేవారు. అలా 2022 దాకా గడిచింది.

బ్లేడు ఎన్నాళ్ళు వాడవచ్చునని అందరూ అడుగుతారు. నాలుగైదుసార్లు చాలును. లాగినట్టు అనిపించిన రోజున లెక్క చూడకుండా మార్చెయ్యాలి. ఉక్కుకన్నా యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక ఉక్కును ఎలా మొద్దుపరుస్తుందన్న ప్రశ్నకు 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం వారు సూక్ష్మదర్శినితో చూసి జవాబు చెప్పారు. అంచు నిదానంగా అరగటమే కాదు, కొన్ని చోట్ల సన్నటి పెచ్చులుగా ఊడుతుందట. ఆ పెచ్చు ఊడిన అంచుతో గొంతు గీసుకొని పది రూపాయలు మిగుల్చుకొనేవారికి మేము చెప్పగలిగినదేమీ లేదు.

గీసుకున్న తరువాత చన్నీళ్ళు, ఆపైన తడిపిన పటిక. పటిక చర్మాన్ని బిగించి, చిన్న గాటుకు నెత్తురు ఆపుతుంది. అంతకన్నా పెద్ద ఉపకారం, ఎక్కడ ఎక్కువ నొక్కామో అక్కడ చురుక్కుమని చెబుతుంది. మర్నాడు ఆ చోట చెయ్యి తేలిక చేసుకోవాలి. అర నిమిషం ఉంచి కడిగెయ్యాలి. స్పిరిటు వాసన కొట్టే సెంటు నీళ్ళు మండుతున్న ముఖానికి వద్దు.

కుర్రవాళ్ళలో వంకీల గడ్డం ఉన్నవారికి ఇవేవీ చాలవు. తెగిన వెంట్రుక వంగి మళ్ళీ చర్మంలోకే గుచ్చుకొని కాయలు కడుతుంది. దానిని సూదితో పెరకటం కన్నా కొన్ని వారాలు కత్తి మానటం మేలు. అయ్యప్ప దీక్ష నలభై ఒక్క రోజుల్లో ఈ కాయలు తగ్గినవారు మా వీధిలోనే ఉన్నారు. దీక్ష విడిచిన రోజున ఆ గుబురును ముందు కత్తెరతో దించి గాని రేజరు పట్టకూడదు. చీము పట్టినా, ఎరుపు పాకినా డాక్టరుకు చూపించుకోవలసిందే.

పాత బ్లేళ్ళు మా ఇంట్లో ఒక బిస్కత్తుల డబ్బా మూతకు సన్నటి గాటు పెట్టి అందులో వేస్తాము. మా వీధి చెత్తను తెల్లవారగానే చేతులతో విడదీసే పౌరకార్మికురాలికి ఆ డబ్బా నిండిన రోజున మూత మీద కాగితం అంటించి, ఇది ఏమిటో చెప్పి, విడిగా చేతికి ఇస్తాము. రెండేళ్ళకు ఒకసారి నిండుతుంది.