ఇంటి తొట్టిలో ఓడ పరీక్ష

సముద్రమునకు దూరముగా, కొండల నడుమ పెరుగుచున్న మన బాలురకు ఓడలయందు ఇంత మక్కువ యెట్లు కలిగెనో యని నేను పలుమారు ఆశ్చర్యపడుచుందును. మన స్వర్ణముఖిలో నీరు ఏడాదికి కొలది కాలమే పారును. 2022 ఏప్రిల్ మాసమున తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతములు అందు చేరుటచే పులికాటు సరస్సు తీరములో కొంత ఆ జిల్లాకు వచ్చినది గాని, చిత్తూరు బాలునికి అదియు దూరమే. అయినను ప్రతి సంవత్సరము విజ్ఞాన ప్రదర్శనము సమీపించునప్పటికి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు మూడు నాలుగు మూరల పొడవుగల ఓడలను చేసి తెత్తురు. వారితో మా పెరటి నీళ్ల తొట్టియొద్ద నేను గడపిన సాయంకాలములు పెక్కులు. అందు తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాను.

ఓడను చెక్కుట యొక పని. దానిని నీటిలో నిలుపుట మఱియొక పని. నిజమైన ఓడ 150 మీటర్ల పొడవును, 10,000 టన్నుల బరువును గలదనుకొందము. నూరవ వంతు పరిమాణమున చేసినచో దాని పొడవు ఒకటిన్నర మీటరగును. బరువు మాత్రము నూరవ వంతు గాదు. పొడవు, వెడల్పు, లోతు అను మూడును నూరవ వంతునకు తగ్గుటచేత బరువు పది లక్షలవ వంతగును. అనగా 10 కిలోగ్రాములు. మనము చేసిన ఓడ 3 కిలోలే తూగినచో, తక్కిన 7 కిలోలను మనమే లోపల ఉంచవలెను. ఈ అడుగు బరువునే నావికులు బల్లాస్టు అందురు. ఇది లేని ఓడ నీటిపై తేలును గాని, దిగవలసినంత లోతునకు దిగదు. చిన్న గాలికే ఒరిగిపోవును.

తిరుమల పుష్కరిణిలో ఫాల్గుణ మాసమున జరుగు తెప్పోత్సవమును మీలో పలువురు చూచియుందురు. తెప్ప మిక్కిలి వెడల్పైనది. ఒక ప్రక్క కొంచెము దిగినచో ఆ ప్రక్క నీరే దానిని పైకి నెట్టును. ఓడ అంత వెడల్పుగా నుండదు. కావున బరువు ఎంత యను ప్రశ్నతోపాటు, బరువు ఎచ్చట యను ప్రశ్నయు దానికి ముఖ్యము. ఏడు కిలోలను పైయంతస్తున పెట్టినచో ఓడ బోర్లపడును; అడుగున పెట్టినచో స్థిరముగా నిలుచును.

పరీక్షించు విధము సులభమే. మొదట ఖాళీ ఓడను తూచుడు. ఒక గంటసేపు నీట నుంచి ఎచ్చటనైన కారుచున్నదేమో చూడుడు. లోపల చేరిన నీరు కొంచెమే యైనను, ఓడ ఒరిగినప్పుడు అదియు ఆ వైపునకే పరుగెత్తి యింకను ఒరుగునట్లు చేయును. పిమ్మట ఏటి యిసుకను చిన్న సంచులలో కట్టి, ముందు వెనుకలు, కుడి యెడమలు సరియగువఱకు జరుపుచు, ముందుగా గీచిన నీటి గీతవఱకు ఓడను దింపుడు. విడి యిసుక పనికిరాదు; అదియు నీటివలెనే జారును. సీసపు ముక్కలు వాడినవారు చేతులు బాగుగా కడుగుకొనవలెను, అది విషము. చివరకు ఓడను చేతితో ఒక ప్రక్కకు వంచి విడువుడు. వెంటనే లేచినచో మేలు. సోమరివలె మెల్లగా లేచినచో పైబరువు ఎక్కువయని తెలిసికొనుడు.

ఒక యేడు ప్రదర్శనమునకు ముందటి సాయంకాలమున ఒక బాలుడు తన ఓడను తండ్రితో తెచ్చెను. మూడు అంతస్తులు, కిటికీలు, పొగగొట్టములు. నెల దినముల శ్రమ. తండ్రి, "అయ్యవారూ, రేపే గదా ప్రదర్శనము. ఇప్పుడు నీట పెట్టి చూడనేల? బల్లపై నుంచిన చాలదా?" అనెను. బాలుడు మాటాడక ఓడను తొట్టిలో దింపి, వంచి విడిచెను. అది లేవలేదు. అడుగున ఇంకను బరువు వేయుటకు వీలులేదు. నీటి గీత అప్పటికే మునిగియున్నది. వాడు కొంతసేపు దానివంకనే చూచి, పైయంతస్తును తన చేతులతోనే ఊడదీసెను. వాని కన్నులలో నీరు నిలిచెను. మరల వంచి విడువగా ఓడ చక్కగా లేచెను. మఱునాడు బహుమానము వేఱొకరికి వచ్చినది గాని, ఆ బాలుని ఓడ దినమంతయు నీటిపై నిలిచెను.

ఆ బాలుడు చేసిన పనిని ఒక దేశపు పెద్దలు చేయలేకపోయిరి. స్వీడను రాజు గుస్టావస్ అడాల్ఫస్ 64 ఫిరంగులతో వాసా అను యుద్ధనౌకను కట్టించెను. బయలుదేరుటకు ముందు 30 మంది నావికులు దానిపై ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తి పరీక్షించిరి. మూడు మారులకే ఓడ భయంకరముగా ఊగుటచే పరీక్షను ఆపిరి; ఓడను మాత్రము ఆపలేదు. రాజు తొందరపెట్టుచుండెను. 1628 ఆగస్టు 10వ తేదీన అది స్టాక్‌హోము రేవులోనే, సుమారు 1,300 మీటర్లు పోయి, గాలికి ఒరిగి మునిగెను. 1961లో దానిని పైకి తీసిరి. పరీక్ష నిజము చెప్పెను, వినువారు లేకపోయిరి.

తొట్టిలో ఓడను పరీక్షించుట పిల్లలాట యని తలంపవలదు. ఇంగ్లండున విలియము ఫ్రూడు 1872లో టార్కీ పట్టణమున పొడవైన తొట్టిలో నమూనా ఓడలను లాగించి పెద్ద ఓడల నడకను లెక్కకట్టెను. మన విశాఖపట్టణమున 1969లో స్థాపింపబడిన నౌకా పరిశోధనశాలయందును అట్టి పనికై 500 మీటర్ల తొట్టి కలదు.

కావున తలిదండ్రులకు నా మనవి: మీ పిల్లవాడు పెరటిలో ఓడను ముంచుచు లేపుచున్నచో ఒక సాయంకాలము వానిని ఆటంకపఱపకుడు. బాలురారా, మీకు నేను చెప్పునది: తొట్టి చెప్పిన మాటను వినుడు, అది మీకు నచ్చకున్నను వినుడు. పని ముగిసిన పిమ్మట ఆ నీటిని పారబోయక చెట్లకు పోయుడు. మన సీమలో నీరు సులభముగా దొరకునది గాదు.