కరివేపాకు మీద రెట్ట

జలదంకిలో పెరడున్న ఇంట్లో కరివేపాకో, నిమ్మచెట్టో ఉండకుండా ఉంటుందా? పోపుకి నాలుగు రెబ్బలు తుంచేటప్పుడు లేత చిగుళ్లను కాస్త పరకాయించి చూడండి. పిట్ట రెట్ట వేసినట్టు నల్లగా, మధ్యలో తెల్ల మరకతో ఏదన్నా కనిపిస్తే దులిపేయకండి. అది మేస్తోంది!

రేపు అదే నిమ్మ సీతాకోకచిలుక అవుతుంది. నల్లని రెక్కల నిండా లేతపసుపు మచ్చలు, వెనక రెక్కల లోపలి మూల ఒక ఎర్ర మచ్చ. తోక ఉండదు. ఇదే చెట్టుకొచ్చే ఇంకో నల్లదానికి తోక ఉంటుంది, చాలామంది తికమకపడేది అక్కడే. 1758లోనే శాస్త్రవేత్త లినేయస్ ఈ తోకలేని నిమ్మ సీతాకోకచిలుకకి పాపిలియో డెమోలియస్ అని పేరు పెట్టాడు. పూల మీద వాలినా రెక్కలాడిస్తూనే ఉంటుంది, ఫొటోకి ఓ పట్టాన చిక్కదు. బోరు దగ్గర తడిమట్టి మీద చేరేవి ఎక్కువగా మగవి. ఉప్పు కోసం వస్తాయి.

ఆడదాని పని చూడాలండీ. ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూస్తుంది! నిమ్మ కుటుంబపు ఆకేనని తేలాకే లేతపసుపు గుడ్డు పెడుతుంది, ఒక్కోచోట ఒక్కటి. మూడు నాలుగు రోజులకు పురుగు బయటికొచ్చి ముందు తన గుడ్డు పెంకునే తింటుంది. ఇక రెట్ట వేషం మొదలు. నాలుగోసారి చర్మం విడిచాక ఆకుపచ్చగా మారిపోతుంది. అంత లావు రెట్టను ఏ పిట్ట నమ్ముతుంది మరి? పుల్లతో కదిపితే తల వెనకనుంచి పాము నాలుకలా చీలిన ఎర్రకొమ్ము బయటికి తీస్తుంది. ఆ ఘాటుకి చీమలు దగ్గరికి రావు. తర్వాత నడుముకి పట్టుదారం కట్టుకుని ప్యూపాగా నిలబడిపోతుంది, పచ్చకొమ్మ మీదైతే పచ్చగా, ఎండుపుల్ల మీదైతే గోధుమరంగులో.

నిమ్మ, బత్తాయి రైతులకు దీనిమీద కోపముంది. న్యాయమే. నర్సరీ మొక్కల్ని, కొత్తగా నాటిన వాటిని మోడు చేసేస్తుంది, అక్కడ ఏరేయాల్సిందే. ఎదిగిన చెట్టుకు మాత్రం నాలుగు పురుగులతో పోయేదేమీ లేదు. పైగా సన్నటి కందిరీగలు గుడ్లలోనే చాలావాటిని కాజేస్తాయి. పెరటి చెట్టుకు మందు కొట్టకండి, బతిమాలుకుంటున్నా.

పిల్లలున్న ఇల్లయితే ఒక పురుగును గాజుసీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి పెంచనివ్వండి. రోజూ తాజా ఆకు వేయాలి, ప్యూపా కట్టడానికి ఒక పుల్ల నిలబెట్టాలి. ఆకు మీ చెట్టుదే వేయండి. బజారు కరివేపాకు మీద మందు మిగిలుంటే పురుగు దక్కదు.