మొక్కు లేని ప్రయాణం

మా కోయిలకుంట్ల వైపు ఆడవాళ్ళు ప్రయాణాలు చెయ్యరని కాదు. మహానందికి పోతారు, అహోబిలానికి పోతారు. కాన్పులకు, పెళ్ళిళ్ళకు, చావులకు పోతారు. జబ్బు చేస్తే కర్నూలు ఆస్పత్రికి పోతారు. ఇవేవీ కాకుండా, ఊరికే ఒక చోటు చూడాలని గడప దాటిన ఆడమనిషి నా చిన్నతనంలో నాకు కనిపించలేదు. మగవాడికి ‘తిరిగొస్తా’ అన్న ఒక్క మాట చాలు. ఆడదానికి మాత్రం దేవుడో, చుట్టమో, రోగమో పూచీ పడాలి.

అందుకే 72 ఏళ్ళ మా అమ్మ “నాకు సముద్రం చూడాలనుందే” అన్నప్పుడు ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. పక్కింటి పెద్దమ్మ “ఏ దేవునికి మొక్కినావు?” అని అడిగింది. “మగతోడు లేకుండా ఇద్దరే ఎట్లా పోతారు?” అన్నాడు అన్న. ఇద్దరమే నంద్యాలలో రైలెక్కి విశాఖ చేరి, అక్కడి నుంచి తీరం వెంట పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న భీమునిపట్నం వెళ్ళాం.

గోస్తనీ నది సముద్రంలో కలిసే ఊరది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి వర్తకం పెట్టారు. 1825లో ఆ ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. డచ్చివాళ్ళ శ్మశానంలో ఎత్తుగా కట్టిన సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

అమ్మ వాటి మధ్య నెమ్మదిగా నడిచింది. “ఎక్కడోళ్ళకు ఎక్కడ రాళ్ళు!” అంది. నాకు మా ఊరు గుర్తొచ్చింది. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంఫిణీవాళ్ళు 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరితీశారు. ఆయన తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు. సరుకు కోసం వచ్చినవాడికేమో సమాధి, ఎదురు తిరిగినవాడికేమో ముప్ఫై ఏళ్ళు మట్టి కూడా లేదు.

ఇంకో లెక్క కూడా ఉంది. డచ్చివాళ్ళు ఈ తీరం నుంచి ఓడలకెత్తిన సరుకులో ముఖ్యమైనది నూలుబట్ట. ఆ నూలు వడికినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. వర్తకుడి పేరు రాతిమీద ఉంది, తిరుగుబాటుదారుడి పేరు పాటల్లో ఉంది. రాట్నం ముందు కూర్చున్న మనిషి పేరు ఎక్కడుంది? మనం చరిత్ర రాయాలనుకున్నప్పుడల్లా ఈ ఖాళీ దగ్గరే ఆగిపోతున్నాం.

ఒడ్డున గంప దించుకుని కూర్చున్న చేపలామె పలకరించింది. “ఏ ఊరమ్మా? అప్పన్న దర్శనానికొచ్చారేటి?”

“లేదమ్మా, సముద్రం చూసేకి వచ్చినాం.”

ఆమె నవ్వింది. “మేం రోజూ దీని ముందే ఉంటాం. పడవెప్పుడొస్తాదా అని చూస్తాం గానీ, సముద్రాన్ని చూసే తీరికేదీ?”

సముద్రం దూరమై అమ్మ చూడలేదు. పక్కనే ఉన్నా ఆమె చూడలేదు. దూరం కిలోమీటర్లలో ఉందనుకున్నాను గానీ, అది తీరికలో ఉంది. ఎవరి పొద్దు ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది. విహారస్థలాల గురించి రాసేవాళ్ళు ఆ ఊళ్ళో పనిచేసే ఆడవాళ్ళ పొద్దును లెక్కలోకి తీసుకోరు.

అమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగింది. బిందె నీళ్ళ కోసం తెల్లవారుజామున వరసలో నిలబడ్డ మనిషి. దోసిట్లోకి తీసుకుని నాలుకకు తాకించి ఉమ్మేసింది. “ఇన్ని నీళ్ళుండాయి, ఒక్క చుక్క తాగేకి పనికిరాదు కదనే!”

కాసేపటికి, “మన కుందూ నీళ్ళు కూడా ఇందులోకే వస్తాయా?” అని అడిగింది. కుందూ పోయి పెన్నలో కలుస్తుందనీ, పెన్న నెల్లూరు వైపు సముద్రంలో పడుతుందనీ చెప్పాను.

“అయితే ఈసారి ఆడికి పోదాం” అంది. ఎవరినీ అడగాలన్న మాటే ఆమె నోట రాలేదు.