కాగితంపై లేని లెక్క

విశాఖపట్నంలో అద్దె భరింపరానిదైనప్పుడు మేము ఊరు మారవలసి వచ్చినది. విజయనగరం రైలుదారిన సుమారు 60 కిలోమీటర్లు. అనకాపల్లి సుమారు 33. నాన్నగారు అద్దెను, సీజను టిక్కెట్టును కాగితంపై కూడి, తీసివేసి, అనకాపల్లినే నిశ్చయించినారు.

శారదానది, బెల్లపు మార్కెట్టు, చేరువనే శంకరం వద్ద బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు! 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన యీ పట్టణం మమ్ములను ఆదరముతోనే చేర్చుకొన్నది. బెల్లపు బండ్ల వాసనకు అమ్మ తొలినాడే మురిసిపోయినది.

అయితే నాన్నగారు చీకటితో బయలుదేరి, ఓవర్‌టైము ముగించుకొని, చెల్లి నిద్రించిన పిమ్మట ఇల్లు చేరేవారు. ఒక ఆదివారం చెల్లి ఆయన చేయి పట్టుకొని, “నాన్నగారూ, ఈ పూట మా యింట్లో భోంచేస్తారా?” అని అడిగినది. అందరమూ నవ్వితిమి, ఆయన నవ్వలేదు.

మరునాటినుండి ఓవర్‌టైము మానుకొని, సాయంకాలపు రైలుకే రాసాగినారు. అద్దెలో మిగిలినదంతయు అందులోనే పోయినది. అయినను ఇప్పుడు రాత్రి భోజనానికి అయిదు కంచములు పడుచున్నవి. మిత్రులారా, ఊరు ఎంచుకొనునపుడు ఆ కంచములను ముందుగా లెక్కింపుడు.