పొలాసలో నా పరిశోధకుడు

మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొనిన పిదప అపరాధ పరిశోధక నవల చదువుట నాకు చిన్ననాటి వ్యసనము. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుడు మదరాసులో దొంగలను పట్టుచుండగా నేను పొయ్యిమీద పాలు పొంగించిన దినములు పెక్కులు. నేను చదివినవానిలో మా జగిత్యాల ప్రసక్తి యెన్నడును కనబడలేదు. ఆ కొఱత నేనే తీర్చెదనని నిరుడు ఒక నోటుపుస్తకము కొంటిని.

మా యూర రహస్యములకు లోటు లేదు. 1747లో జఫరుద్దౌలా కట్టించిన నక్షత్రాకారపు కోట యున్నది. చుట్టును కందకము, బురుజులపై ఫిరంగులు. జాక్, టాల్ అను ఫ్రెంచి యింజనీర్లు దానిని కట్టిరనియు, వారి పేర్లు కలిసియే జగిత్యాల యైనదనియు పెద్దలు చెప్పుదురు. కాదు, పొలాస నేలిన జగ్గదేవుని పేరది యని మఱికొందఱు. వినుటకు రెండును ముచ్చటగనే యున్నవి. కాని నా పరిశోధకునికి హత్యయో, అదృశ్యమో కావలెను గదా! అది కొలది మైళ్ల దూరముననే, పొలాసలో దొరికినది.

నేడు చిన్న గ్రామమైన పొలాస, ఒకప్పుడు పొలవాస రాజ్యమునకు రాజధాని. అక్కడి మేడరాజు తన కూతురు సమ్మక్కను, మేడారము నేలు మేనల్లుడు పగిడిద్దరాజున కిచ్చెనని కథ. కప్పము కొఱకు కాకతీయ ప్రతాపరుద్రుడు దండెత్తగా భర్తయు బిడ్డలును కూలిరి. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడచి కనుమఱుగయ్యెను. వెదకబోయినవారికి శరీరము దొరకలేదు. కుంకుమ భరిణ యొక్కటి దొరకినది. ఏ పరిశోధకుడైన నింతకంటె మంచి యాధారమును కోరునా?

నా కథానాయకుడు మహా మేధావి. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని 1163 నాటి శాసనము చదివి చిటికెలో గుట్టు విప్పెను. అందు మేడరాజును జయించినవాడు రుద్రదేవుడు. ప్రతాపరుద్రుడు సింహాసన మెక్కినది 1289లో. నడుమ నూట యిరువది యేండ్లకు పైమాట. కావున పాట పాడినవారిది తప్పుసాక్ష్యమని తేల్చి కడపటి ప్రకరణము ముగించితిని.

దానిని అత్తగారికి చదివి వినిపించితిని. నా భర్త పసితనమున జ్వరపడినప్పుడు, ఆయన యెత్తు బెల్లము సమ్మక్కకు మ్రొక్కినవా రామె. ఆ బెల్లమును బంగారమనియే యందురు. నాటినుండి రెండేండ్ల కొకసారి మాఘ పూర్ణిమకు మేడారము పోవుచునే యున్నారు. నేను చదువుచున్నంతసేపు చేటలో బియ్యము చెరుగుట మానలేదు. తుదకు,

“గెలిచినోడు రాయి చెక్కిపిచ్చుకుంటడు. ఓడినోడు యాడ చెక్కిపియ్యాలె బిడ్డా?” అనిరి.

నాకు సిగ్గయ్యెను. ఒక పక్షపు వాఙ్మూలము మాత్రమే విని తీర్పు చెప్పు పరిశోధకుడు పరుల నవలలో కనబడినచో పుస్తకము విసరివేసి యుందును గదా! మరల చరిత్ర గ్రంథములు తిరుగవేసితిని. ఆ రుద్రదేవునికే మొదటి ప్రతాపరుద్రుడను వ్యవహారము కూడ కలదట! ఇద్దఱు రాజులకు నొక్క పేరు. కవల పిల్లలను చూపి పాఠకులను మోసపుచ్చు పాత యెత్తే యిది. అయినను నేను పట్టుకొనలేకపోతిని. పాడినవారు పేరు తప్పలేదేమో, విన్న మనమే తరము తప్పితిమేమో. ఇంతమాత్రమున చిక్కంతయు విడినదనను.

ఆ ప్రకరణము చించి పొయ్యిలో వేసితిని. ఇప్పుడు నా పరిశోధకుడు చిలుకలగుట్ట క్రింద భరిణ చేతబట్టుకొని దిక్కుతోచక కూర్చున్నాడు. వానికి సాక్షిగా ఒక ముసలమ్మను, చేతికి చేట యిచ్చి, పంపుచున్నాను. ఆ ముసలమ్మ మాటలు తమకు ముందుగా వినిపింపక అచ్చునకు పంపవలదని అత్తగారు ఆంక్ష పెట్టిరి.