తినకముందా, తిన్నంకనా?

"ఈ గోలీ తినకముందు ఏసుకోవాల్నా, తిన్నంక ఏసుకోవాల్నా?"

నర్సుగా పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. కెరమెరి గుట్టల మీది నుంచి దిగివచ్చిన అవ్వ అడిగింది. గోలేటి బొగ్గుగనిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కార్మికుడు అడిగాడు. మందు పేరేమిటని అడిగిన వాళ్లు తక్కువ, అది ఒంట్లో ఏం చేస్తుందని అడిగిన వాళ్లు ఇంకా తక్కువ. ఈ ఒక్క మాట మాత్రం అడగకుండా ఎవరూ చీటీ మడిచి జేబులో పెట్టుకోలేదు.

ఇప్పుడు ఆసిఫాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులు అద్దెకుంటున్నారు. ఒకామెది కెరమెరి దాటినంక వచ్చే గోండు గూడెం, ఇంకొకామెది కాగజ్‌నగర్. ఫార్మకాలజీ పరీక్ష దగ్గరపడింది. పొద్దు గూకగానే చాప పరుచుకుని కూర్చుంటారు. అబ్సార్ప్షన్, డిస్ట్రిబ్యూషన్, మెటబాలిజం, ఎక్స్‌క్రిషన్ అని ఎక్కాల్లా అప్పజెప్పుకుంటారు. పుస్తకం మూస్తే ఆ నాలుగు మాటలూ ఎగిరిపోతాయని నాతో మొత్తుకున్నారు.

"బిడ్డా, ఆ నాలుగు మాటలు పక్కన పెట్టండి. అవ్వ అడిగేదానికి జవాబు చెప్పండి చాలు" అన్నాను.

ఆ రోజు నుంచి మా రివిజన్ అవ్వ ప్రశ్నతోనే నడుస్తోంది. గర్భిణులకిచ్చే ఎర్ర గోలీనే తీసుకుందాం. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఇనుము ఖాళీ కడుపున బాగా ఒంటబడుతుంది, కానీ కడుపులో తిప్పుతుంది. తిప్పితే ఆమె రెండో రోజే గోలీలు గూట్లో పెట్టి మరిచిపోతుంది. అందుకని తిన్నాక కొంచెం ఆగి వేసుకోమంటాం. చాయ్‌తో మాత్రం వద్దంటాం, చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టుకుని పేగుల నుంచి రక్తంలోకి పోనివ్వవు. నిమ్మకాయ నీళ్లయితే మంచిది. ఇదంతా చెప్పగలిగిన పిల్లకు అబ్సార్ప్షన్ అధ్యాయం వచ్చేసినట్టే.

ఆ గోలీ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాను. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసే దారిని 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో కనుక్కున్న బృందానికి పెద్ద మన తెలుగువాడు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు మందు డీఈసీ కూడా ఆయన బృందం నుంచి వచ్చిందే. పిల్లలిద్దరూ ఆ రెండు మందులనూ చదివారు, ఆయన పేరు మాత్రం విననే లేదు. ఆ మందుల పక్కన మన పాఠ్యపుస్తకాలు ఆయన పేరు ఒక్క వాక్యమైనా రాయాలని నాకు గట్టిగా ఉంది.

మెటబాలిజానికి సార్బిట్రేట్ పనికొచ్చింది. గుండెనొప్పి వచ్చినాయన నాలుక కింద పెట్టే గోలీని మింగితే ఏమవుతుంది? పేగుల నుంచి రక్తం ముందు కాలేయానికే పోతుంది. అది సుంకం వసూలుచేసే నాకా లాంటిది, మందులో చాలా భాగాన్ని అక్కడే ఆపేస్తుంది. నాలుక కింది నుంచి వెళ్లిన మందు ఆ నాకా తగలకుండానే గుండెకు చేరుతుంది. ఎక్స్‌క్రిషన్‌కైతే టీబీ మందు రిఫాంపిసిన్ ఉండనే ఉంది. అది వేసుకుంటే మూత్రం నారింజరంగులో పోతుంది. ఆ మాట ముందుగా చెప్పకపోతే రోగి రక్తం పోతోందని బెదిరి కోర్సు మధ్యలోనే మానేస్తాడు.

లెక్కల దగ్గర మాత్రం నేను గట్టిగానే ఉంటాను, కారణం ఉంది. నేను కొత్తగా చేరిన దవాఖానలో పిల్లల జ్వరం సిరప్ 120 మిల్లీగ్రాములది వచ్చేది, అంటే 5 మిల్లీలీటర్లలో 120. ఎనిమిది కిలోల పసివాడికి కిలోకు 15 చొప్పున లెక్క కడితే 120 మిల్లీగ్రాములు. చక్కగా ఐదు మిల్లీలీటర్లు. నోటికి అలవాటైపోయింది. ఒకరోజు కొత్త పెట్టెలు వచ్చాయి. అదే రంగు, దాదాపు అదే చీటీ, లోపల మాత్రం 5 మిల్లీలీటర్లలో 250. నేను సీసా చూడకుండానే ఒక తల్లికి "ఐదు మిల్లీలీటర్లు, రోజుకు నాలుగుసార్లు" అని చెప్పి పంపాను. పెద్ద సిస్టర్ వెంట పరుగెత్తి గేటు దగ్గర ఆమెను ఆపింది. పట్టాల్సింది 2.4 మిల్లీలీటర్లు. నేను చెప్పినట్టు రెండు మూడు రోజులు పట్టి ఉంటే ఆ పసివాడి కాలేయం ఏమైపోయేదో! ఆ తల్లి కొంగులో సీసా కట్టుకుని నిలబడ్డ తీరు ఇప్పటికీ కళ్లముందే ఉంది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదు 'సరైన'లను పిల్లలు వేళ్ల మీద లెక్కపెడుతుంటే నేను ప్రతిసారీ మూడో వేలి దగ్గర ఆపి ఆ సీసా సంగతి చెబుతాను.

మలేరియా దగ్గరికి వచ్చేసరికి మా జిల్లాయే పుస్తకం. దోమే మలేరియాను మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. ఇక్కడి గూడేల్లో చలిజ్వరం తెలియని ముసలివాళ్లు లేరు. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ మూడు రోజులు. పెద్దవాళ్లకు నాలుగు, నాలుగు, రెండు గోలీలు. ఇక్కడ పరీక్షలో తికమక పెట్టే మెలిక ఒకటుంది. చీటీ మీద 250 మిల్లీగ్రాములని ఉంటుంది, అది ఫాస్ఫేట్ లవణం బరువు. పనిచేసే క్లోరోక్విన్ అందులో 150 మాత్రమే. మోతాదు ఆ 150తోనే లెక్కకట్టాలి.

జ్వరం మూడో రోజుకే దిగిపోతుంది. ఆ తర్వాత కూడా పద్నాలుగు రోజులు నిండేదాకా ప్రైమాక్విన్ ఎందుకని అందరూ అడుగుతారు. వైవాక్స్ క్రిములు కొన్ని కాలేయంలో నిద్రపోతుంటాయి. నెలల తర్వాత లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. వాటిని అక్కడే చంపేది ప్రైమాక్విన్. కానీ ఆ మందును గర్భిణులకూ ఏడాది నిండని పసివాళ్లకూ ఇవ్వకూడదు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం నల్లబడుతుంది. అందుకే గోలీలు చేతిలో పెట్టినంతనే నర్సు పని తీరదు. "మూత్రం నల్లగా వస్తే గోలీలు ఆపి వెంటనే రా" అని చెప్పాలి, మూడో రోజు ఆశా కార్యకర్తతో మళ్లీ అడిగించాలి. గోండులు, కొలాముల్లో సికిల్‌సెల్ కూడా ఉందన్న సంగతి మరవకూడదు. పాలిపోయిన ముఖం కనబడితే అది సికిల్‌సెలా, మలేరియానా, మందు చేసిన పనా అని మూడువైపులా చూడాలి. 2023 జులైలో సికిల్‌సెల్ నిర్మూలన జాతీయ మిషన్ మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరుచుకుంది. నా కాలంలో ఇక్కడ ఊహకు కూడా అందని సంగతులు ఇవి.

పత్తి కాలం రాత్రుల గురించి చెప్పకపోతే ఈ చదువు సగమే. నల్లరేగడి చేలల్లో మందు కొట్టి విషం ఒంటికెక్కిన వాళ్లను, గుండె చెదిరి ఆ మందే తాగిన వాళ్లను ఆటోల్లో తెస్తారు. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాప గుండుసూది మొనంత. ఆర్గానోఫాస్ఫేట్ విషం ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను కట్టేస్తుంది. దాంతో ఎసిటైల్‌కోలిన్ పొంగిపొర్లి ఊపిరితిత్తులు నీళ్లతో నిండుతాయి. ఆ వరదకు అట్రోపిన్ అడ్డుకట్ట. ఒక ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములే. మొదట మూడో ఐదో ఎక్కిస్తాం. ఐదు నిమిషాలు చూసి తగ్గకపోతే రెట్టింపు, మళ్లీ రెట్టింపు. రాత్రి రెండింటప్పుడు ఆంప్యూల్ మెడ విరిచే టిక్, టిక్ చప్పుడు తప్ప వార్డులో ఇంకేమీ వినబడదు. బొటనవేలి చర్మం గాజుకు తెగిపోయి ఉంటుంది. కంటిపాప పెద్దదైందని తొందరపడి ఆపకూడదు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటే గరగర పోయిందా, నాడి ఎనభై దాటిందా అన్నదే గుర్తు. "యాంటికోలినర్జిక్ ప్రభావాలు రాయండి" అన్న ప్రశ్నకు నోరెండటం, గుండె వేగం, చర్మం పొడిబారటం అని ఐదు మార్కులకు రాస్తారు. ఆ రాత్రి మేము కళ్లార్పకుండా ఎదురుచూసేది సరిగ్గా వాటికోసమే.

ఆ మాట చెప్పినప్పుడు గోండు పిల్ల పుస్తకం మూసి చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల బాబాయిది కూడా పత్తి చేనే.

నిన్న రాత్రి ఇద్దరితో వేషం కట్టించాను. కాగజ్‌నగర్ అమ్మాయి నర్సు, గోండు అమ్మాయి జ్వరంతో వచ్చిన అవ్వ. అవ్వకు తెలుగు రాదనుకోమన్నాను. నర్సు గోలీలు చాప మీద పేర్చి, ఒక్కో కుప్పనూ వేలితో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. అవ్వ ఒక్కో కుప్పనూ తాకి గోండిలో లెక్కపెట్టింది. "నాలుంగ్, నాలుంగ్, రండ్." నర్సు ఆ అంకెలు రెండుసార్లు పలికి నేర్చుకుంది. అంతలో అవ్వ నడుం వంచి, గోండిలోనే ఇంకేదో అడిగింది. నర్సుకు ఒక్క మాటా అర్థం కాలేదు. అవ్వ అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు చేయి చూపించేదాకా కూడా ఆగలేదు, తల ఊపి చెప్పేసింది.

"తిన్నంకనే, అవ్వా. ఖాళీ కడుపున వద్దు."